ఏ వాల్వు ఎవరిది?

మొన్న రాత్రి 11 గంటలకి మా బాత్రూంలో గీజర్ కనెక్షన్ పైపు పగిలింది. ఆఫీసులో సర్వర్ పడిపోతే ఏం చెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇంట్లో నీళ్లు ఎక్కడ కట్టాలో మాత్రం తెలీదు! యాంగిల్ కాక్ తిప్పుదామంటే బోరు నీళ్ల సున్నం పట్టి బిగుసుకుపోయింది. లుంగీ ఎగ్గట్టి డాబా మీదికి పరిగెత్తితే ట్యాంకు కింద 14 వాల్వులు, ఒక్కదానికీ పేరు లేదు. వాచ్‌మన్ వచ్చి మాది వెతికిపట్టేసరికి నీళ్లు హాల్లోకొచ్చేశాయి.

నెట్‌లో అందరూ "మెయిన్ వాల్వు కట్టేయండి" అంటారు. వీధిలోంచి ఒకటే లైను వచ్చే అమెరికా ఇళ్లకి అది సరే. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి పై ట్యాంకు నుంచి వంటింటికొకటి, బాత్రూంకొకటి విడివిడిగా దిగుతాయి. అందుకే ఫ్లాటు చేతికొచ్చే రోజు టైల్స్ తట్టి చూడ్డం తర్వాత, ముందు ఏ వాల్వు దేనిదో రాయించుకోవాలంటాను.

అన్నట్టు, గీజర్ దగ్గర నీళ్లు చిమ్ముతుంటే ముందు ఎంసీబీ దించాలి, ఆ తర్వాతే నీళ్ల సంగతి. నేను నీళ్ల వెంట పడ్డాను, బతికిపోయాను. రెండు మూణ్ణెల్లకోసారి యాంగిల్ కాకులన్నీ ఒకసారి పూర్తిగా కట్టి విప్పుతుంటే అంత తొందరగా బిగుసుకోవు. బిగుసుకున్నదాన్ని రెంచితో బలవంతం చేస్తే గోడలోపలి ఫిట్టింగు విరగొచ్చు, అప్పుడు టైల్స్ పగలగొట్టాల్సిందే.

ఆదివారం మార్కరు పట్టుకుని డాబా ఎక్కాను. 9 వాల్వులకి పేర్లు పెట్టాను. మిగతా 5 ఎవరివో వాచ్‌మన్‌కీ తెలీదట.