సంతకం అడిగేవారికి నేర్పేదెవరు?

హిందూపురం: కొత్త మందు మనిషికి పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఆసుపత్రుల్లో పరిశోధనలు జరుగుతాయన్న సంగతి చాలామందికి తెలిసిందే. అయితే ఆ పరిశోధనలో ఎక్కువసార్లు రోగి ఎదుట కూర్చుని కాగితం చదివి వినిపించేది, రక్తం తీసేది, ఊరికి వచ్చి మాత్రలు లెక్కపెట్టేది పెద్ద డాక్టరు కాదు. నర్సు, ల్యాబ్ టెక్నీషియను, ఫీల్డు వర్కరు, కోఆర్డినేటరు అనే చిన్న జీతగాళ్లు. రోగి నమ్మినా, భయపడినా వీరి మాటను బట్టే. మరి వీరికి ఆ మాట నేర్పవలసిందెవరు?

ఇది మనకు సంబంధం లేని విషయమనుకుంటే పొరపాటు. గుండెజబ్బుకు, కాన్సరుకు, మూత్రపిండాల జబ్బుకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వారు రైలెక్కి పోయేది బెంగుళూరుకే. అక్కడి పెద్ద ఆసుపత్రుల్లో మందుల పరిశోధనలు మామూలే. అంతదూరం దేనికి? ధర్మవరానికి చేరువలో బత్తలపల్లిలో 2000లో మొదలైన ఆర్డీటీ ఆసుపత్రి నుంచి హెచ్ఐవి రోగుల వైద్యంపై అధ్యయనాలు అంతర్జాతీయ వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. పెనుకొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీకి 2021లో శంకుస్థాపన జరిగింది. కాలేజీ అంటూ నడిస్తే పరిశోధన కూడా దాని వెంటే వస్తుంది.

సరిగా అడగకపోతే ఏమవుతుందో ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగిన ఉదంతం చెబుతుంది. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం తదితర మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా వేశారు. పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమమది. గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకం చేశారు. టీకా చెడ్డదని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేస్తూనే ఉంది. చెడింది అడిగిన తీరు. మంచి మందును కూడా జనం అనుమానించేలా చేసింది ఆ తీరే.

ఆ తరువాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2019 మార్చిలో కేంద్రం తెచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలోనే విషయం చెప్పాలి. చదువురాని మనిషైతే ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కన ఉండాలి. బొత్తిగా కొత్త మందుల విషయంలో, నిస్సహాయ స్థితిలో ఉన్న రోగుల దగ్గర అంగీకారం తీసుకునేటప్పుడు ఆ మాటలను వీడియో తీయాలి. హెచ్ఐవి, కుష్ఠు మందులకైతే గొంతు మాత్రం రికార్డు చేస్తే చాలు. ఆ రోగుల ముఖం దాచడానికి కాబోలు, అది మంచి ఆలోచనే. ప్రాణాపాయం వంటిది జరిగితే 24 గంటల్లో పై అధికారులకు తెలియజేయాలి.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. వీటిని సిబ్బందికి నేర్పే పద్ధతి దగ్గరే చిక్కు. మామూలుగా శిక్షణ అంటే నగరంలో ఒక హాలు, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్టు. నియమం ఏ సంవత్సరంలో వచ్చిందో అక్కడ నేర్చుకోవచ్చు. రోగి ఎదురుప్రశ్న వేస్తే ఏం చెప్పాలో మాత్రం అక్కడ దొరకదు.

మడకశిర వైపు నుంచి ఒక అవ్వ వచ్చిందనుకుందాం. "ఏంది నాయనా, నామింద పరీచ్చ జేస్తారా?" అని అడుగుతుంది. మందు ఎవరికి, ఉత్తి మాత్ర ఎవరికి అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయమవుతుందని చెబితే, చీటీ అనగానే డబ్బులొస్తాయనుకుంటుంది. ఐదు మిల్లీలీటర్ల రక్తం అంటే సీసాడు అనుకుని కొంగు బిగిస్తుంది. ఒక టీ చెంచాడంతే అవ్వా అని చెప్పాలని తట్టేది, ఇలాంటి అవ్వలను పదిమందిని చూసిన నర్సుకే. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా మీ వైద్యం ఆగదు అన్న మాటను గబగబా చదివి దాటేయకుండా ఎక్కడ ఆగి చెప్పాలో కూడా ఆమెకే తెలుసు. హిందూపురంలో ఇంకో తంటా ఉంది. ఒకే వరుసలో కూర్చున్న ముగ్గురిలో ఒకరిది తెలుగు, ఒకరిది కన్నడం, ఒకరిది ఉర్దూ.

కాబట్టి ఈ పని చేసినవారే చేయబోయేవారికి నేర్పాలి. ధర్మవరంలో మగ్గం నేర్చుకున్నవాడు పుస్తకం చూసి నేర్చుకోలేదు. తెగిన పోగు ఎలా అతకాలో పక్కమగ్గం మనిషి చేతిని చూసి నేర్చాడు. వైద్యంలోనూ ఇది కొత్త కాదు. మహారాష్ట్రలోని జాంఖేడ్‌లో 1970 నుంచి డాక్టర్ రజనీకాంత్ అరోలే దంపతులు పల్లెటూరి ఆడవారిని ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. ఆ కార్యకర్తలు కేంద్రంలో కలుసుకుని తమ ఊళ్లలో ఎదురైన సంగతులు చెప్పుకుంటూ ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు. ఆ దంపతులకు 1979లో మెగసెసే అవార్డు వచ్చింది.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. పక్కవాడు పోగు తప్పుగా అతికితే ఆ తప్పు కూడా వారసత్వంగా వస్తుంది. మరచిపోయిన తేదీని తరువాత వేసుకోవడం, పని ఒత్తిడిలో రోగి చూడని వరుసలో టిక్కు పెట్టడం వంటివి "అందరూ చేసేదే" అని సీనియరు నేర్పితే మొత్తం కొంప మునుగుతుంది. అందుకని నియమాలు తెలిసిన డాక్టరు ఒకరు మూలన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, తప్పు దొర్లినప్పుడు ఆపితే చాలు.

మూడు పట్టణాలూ ఒకే రైలుదారిలో ఉన్నాయి. రెండు నెలలకొకసారి ఒక ఊళ్లో చొప్పున ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక గది ఇస్తే సరిపోతుంది. పరిశోధన సిబ్బంది ఉన్నా లేకున్నా, ఆశా కార్యకర్తలకు, కౌన్సెలర్లకు, నర్సులకు ఇంజెక్షనుకో ఆపరేషనుకో అంగీకారం అడిగే పని రోజూ ఉండేదే కనుక వారినీ పిలవవచ్చు. ఒక్కొక్కరు తమకు ఎదురైన ఒక సంఘటన, పేరు చెప్పకుండా, తెచ్చి చెప్పాలి. ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా కూర్చుని మిగతావారు వింటే ఎక్కడ మాట తడబడిందో అరగంటలో తేలిపోతుంది. ఆ రోజును సెలవుగా కాక డ్యూటీగా రాయాలి. లేకుంటే రెండోసారి ఎవరూ రారు. మందుల కంపెనీ డబ్బుతో నడిచే పరిశోధన అయితే ఈ ఖర్చు కంపెనీయే భరించాలి.

పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలని, అందులో ఒకరు వైద్యంతో సంబంధం లేని సామాన్యుడై ఉండాలని చట్టమే చెబుతోంది. ఈ సమావేశాలకూ అదే పద్ధతి పాటించాలి. ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి కాగితం మీద వేలిముద్ర వేసిన రైతునో, నేతగాడినో పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి, నీకు ఆ రోజు ఏం అర్థమైందయ్యా అని అడగాలి. పని మానుకుని వస్తాడు కనుక ఆ రోజు కూలి సాయంత్రం పోయేలోగా అతని చేతిలో పెట్టాలి.