బాధ్యత పెద్దది - వేతనం పాతది

ఉర్దూలో 'బేగార్' అన్నా, తెలుగులో 'వెట్టి' అన్నా మన ప్రాంతపు పెద్దలకు వేరే వివరణ అక్కరలేదు. నిజాం పాలననాటి తెలంగాణ పల్లెలు ఆ రెండు మాటల బరువునూ మోసినవి. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో బేగారును పేరు పెట్టి మరీ నిషేధించినది. అయితే, మనిషి చేత పని చేయించుకొని ఆ పనికి తగిన ప్రతిఫలం ఇవ్వకపోవడమనే అలవాటు ఒక్క అధికరణంతో అంతరించేది కాదు. అది వేషం మార్చుకొని కార్యాలయాలలోనూ విద్యాలయాలలోనూ ప్రవేశించినది. దాని నేటి పేరు 'ఇన్‌ఛార్జి'. వెట్టి, ఇన్‌ఛార్జి రెండూ ఒకటేనని నేననను. వెట్టిలో కూలి లేదు, భయం ఉన్నది. ఇక్కడ జీతం ఉన్నది. కాని అది చేస్తున్న పనికి కాదు, ఎప్పుడో చేరిన ఉద్యోగానికి.

ఈ ఇన్‌ఛార్జితనం ఎట్లా మొదలగునో అందరికీ తెలిసినదే. పెద్ద గుమాస్తా పదవీ విరమణ చేస్తాడు. ఆ ఖాళీ నింపరు. "కొద్దిరోజులు మీరే చూడండి" అని చిన్న గుమాస్తాకు ఫైళ్ళు అప్పగిస్తారు. కొద్దిరోజులు నెలలవుతాయి, నెలలు సంవత్సరాలవుతాయి. లెక్కలో పొరపాటు దొర్లితే మెమో అతని పేరనే వస్తుంది. జీతం పెంచమని అడిగితే మాత్రం "అది మీ పోస్టు కాదు గదా" అంటారు. నింద పడేటప్పుడు పోస్టు అతనిది, వేతనం ఇచ్చేటప్పుడు కాదు. ఇందులోని అన్యాయమంతా ఈ ఒక్క వైరుధ్యంలోనే ఉన్నది.

ఇది గుమాస్తాల గోడు మాత్రమే కాదు. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవిలోకి పోతే, చిన్న చిన్న గుంపులుగా విడివిడిగా ఉన్న కోయ పల్లెలు కనిపిస్తాయి. 1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమైనది. కాలక్రమంలో దాని నిబంధనలు గిరిజన ప్రాంతాలలో 300 నుండి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ కేంద్రం ఉండాలన్నవి. 150 నుండి 300 జనాభా గల పల్లెకు మినీ కేంద్రం చాలునన్నవి. పెద్ద కేంద్రంలో టీచరుతోపాటు ఆయా ఉంటుంది. మినీ కేంద్రంలో టీచరు ఒక్కతే. పిల్లలను పిలుచుకొని రావడం, ఊడ్వడం, నీళ్ళు తేవడం, వండి వడ్డించడం ఆమె పనే. పాఠం చెప్పడం, బరువులు తూచడం, గర్భిణుల వివరాలు రిజిస్టరుకెక్కించడం కూడా ఆమె పనే.

దీనికి ప్రతిఫలమెంత? కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరు 1 నుండి పెంచిన గౌరవ వేతనాల లెక్క చూడండి. పెద్ద కేంద్రం కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయలు, మినీ కేంద్రం కార్యకర్తకు 3,500 రూపాయలు. రాష్ట్రాలు ఇచ్చేది దీనికి అదనం. ఇద్దరు చేసే పనికి అక్కడ 6,750 రూపాయలు. ఆ రెండు పనులూ ఒక్కతే చేసినచోట దాదాపు సగం. ఆయా పని కూడా చేసినందుకు ఆమెకు లభించినది అదనం కాదు, టీచరు వేతనంలో వెయ్యి రూపాయల కోత! మినీ కేంద్రంలో పిల్లలు తక్కువ గదా అనవచ్చు. నిజమే. కాని పదిమందికైనా ముప్పైమందికైనా పొయ్యి రాజేయక తప్పదు, రిజిస్టరు రాయక తప్పదు.

2023లో తెలంగాణ ప్రభుత్వం 3,989 మినీ కేంద్రాలను ప్రధాన కేంద్రాలుగా మార్చడానికి నిర్ణయించినది. అది హర్షణీయం. అయితే అంతకుముందు సంవత్సరాల తరబడి ఆమె చేసిన రెండో పని ఎవరి ఖాతాలో జమ అయినట్లు?

దీనికి ఎదురువాదం లేకపోలేదు. పెద్ద పని చేస్తే అనుభవం వస్తుందని, చిన్న సంస్థలకు నిధులుండవని, పదోన్నతికి అర్హతలూ సీనియారిటీ చూడాలని అంటారు. ఈ మూడింటిలోనూ సత్యం ఉన్నది. కాని అనుభవం కొద్ది నెలలలో వస్తుంది. ఆ తర్వాత మిగిలేది చాకిరియే. నిధుల కొరత సంస్థ కష్టం. దానిని అందరిలోకీ అల్పజీతగాని భుజంమీదనే మోపడం న్యాయం కాదు. ఇక పదోన్నతి వేరు, చేసిన పనికి వేతనం వేరు.

ఈ తేడాను న్యాయస్థానాలు కూడా గుర్తించినవి. పై బాధ్యత అప్పగించినంత మాత్రాన అది పదోన్నతి కాజాలదని 1991లో రమాకాంత్ శ్రీపాద్ అద్వాల్పాల్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. 1998లో హరిఓం శర్మ కేసులో మరొక ముఖము చూపినది. చండీగఢ్‌లో ఒక ఉద్యోగిని తాత్కాలిక ఏర్పాటుగా జూనియర్ ఇంజనీరు పనిలో నియమించి, ఆ జీతం ఇవ్వలేదు. పై పదవి ప్రయోజనాలు అడగనని అతడే హామీపత్రం రాసి ఇచ్చాడని ప్రభుత్వం వాదించినది. అటువంటి హామీపత్రం ప్రజాహితానికి విరుద్ధమనీ, చెల్లదనీ కోర్టు తీర్పు చెప్పినది. 2013లో అరిందం చటోపాధ్యాయ కేసు పశ్చిమ బెంగాలు శిశు అభివృద్ధి శాఖ అధికారులది. అసిస్టెంటు హోదాలో ఉండి ప్రాజెక్టు అధికారుల బాధ్యతలు పూర్తిగా నిర్వహించినవారికి ఆ పదవి వేతనం చెందుతుందని కోర్టు అన్నది.

ప్రభుత్వోద్యోగులకు ఫండమెంటల్ రూల్స్‌లోని 49వ నిబంధన అదనపు బాధ్యతకు అదనపు వేతనం ఇస్తుంది. కాని అందులోనే ఒక సందు కలదు: కేవలం దైనందిన విధులు చూడమని అప్పగిస్తే అదనం ఏమీ రాదు. కనుక ఉత్తర్వులో ఏ మాట రాసినారన్నదానిపైనే ఆ ఉద్యోగి హక్కు ఆధారపడుతుంది. నోటిమాటగా అప్పగించినచోట ఆ మాత్రం ఆధారం కూడా ఉండదు.

ఇస్లాం కూలి విషయంలో ఎంతో స్పష్టంగా ఉన్నది. పనిలో పెట్టుకునే ముందే ప్రతిఫలం తెలియజేయాలనీ, పని ముగిసిన పిదప జాప్యం చేయరాదనీ బోధించినది. 'ఖిద్మత్' గొప్పదే; అది చేసేవాని ఇష్టంతో చేసేది. 'ఉజ్రత్' చేయించుకున్నవాని బాకీ. ఇతరుల బాకీకి సేవ అని పేరు పెట్టి రద్దు చేసే అధికారం ఎవరికీ లేదు. సన్మానసభలో కప్పే శాలువా చలిని ఆపునేమో గాని, పిల్లల బడి ఫీజు కట్టదు.

కావున మన కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మూడు మనవులు. ఎవరికైనా పై పని అప్పగించినప్పుడు రాతపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వండి. అందులో గడువు రాయండి. ఆరు నెలలు దాటితే ఆ ఖాళీని నింపండి, లేదా కారణం చెప్పండి. అదనపు భత్యం చిన్నదైనా ఇవ్వండి. అదీ సాధ్యం కాకపోతే పాత పనిలో కొంత తగ్గించండి. అధ్యాపకునికి గ్రంథాలయ బాధ్యత ఇస్తే రెండు పీరియడ్లు తగ్గించడానికి పైసా ఖర్చు కాదు.

విద్యార్థులారా! రేపు మీరూ ఉద్యోగాలలో చేరుతారు. పెద్ద పని ఇస్తే వెనుకాడకండి, నేర్చుకోండి. కాని ఉత్తర్వు అడగడానికి సిగ్గుపడకండి; అది అహంకారం కాదు, లెక్క. మీలో కొందరు ఆ ఉత్తర్వుల మీద సంతకం చేసే కుర్చీలో కూర్చుంటారు. అప్పుడు మీ ఎదుట నిలబడి "నేను చూసుకుంటాను సార్" అన్న మనిషి ఏ జీతానికి ఆ మాట అన్నాడో ఒక్కసారి రిజిస్టరు తెరచి చూడండి.