బృందం పేరు ఎవరి సొత్తు?

మా కళాశాల వార్షికోత్సవంలో ఖవ్వాలీ పాడిన ఏడుగురిలో ముగ్గురు నిరుడు పట్టా పుచ్చుకొని వెళ్లిపోయారు. ముందు వరుసలో కూర్చొని పాడే విద్యార్థి ఆ ముగ్గురిలో ఒకడు. మిగిలిన నలుగురూ అదే పేరుతో ఈ ఏడు కూడా వేదిక ఎక్కుతామని అడిగినప్పుడు పెద్దలలో కొందరు, "అసలు గాయకుడే లేనప్పుడు ఆ బృందం ఎక్కడిది? పేరైనా మార్చుకోండి, లేదా విరమించుకోండి" అన్నారు. విద్యార్థులలోనూ దీనిపై అభిప్రాయభేదం ఏర్పడింది. ఆ నలుగురి పక్షాన నాలుగు మాటలు వ్రాయాలని మేము సంకల్పించాము. ఇది పక్షపాతమని ఎవరైనా అంటే కాదనలేము. ఈ వ్యాసం వ్రాస్తున్న మాలో ఇద్దరు ఆ నలుగురిలోని వారే.

లాల్‌దర్వాజా మోడ్ దగ్గర సాయంకాలం చాయ్ త్రాగుతూ ఈ సంగతే వాదించుకొంటుండగా, గిటారు నేర్చుకొంటున్న మిత్రుడొకడు ఒక విచిత్రమైన సాక్ష్యం తెచ్చాడు. "డీప్ పర్పుల్ అనే ఇంగ్లాండు రాక్ బృందం పుట్టి అర్ధశతాబ్దం దాటింది. అందులో ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో లెక్కించండి. పేరు మార్చుకోమని వారిని ఎవరూ అనలేదే!" అన్నాడు. గిటారు పట్టిన ప్రతివాడూ మొదటి వారంలోనే వాయించి ఇరుగుపొరుగువారిని విసిగించే ఆ నాలుగు స్వరాల తునక ఈ బృందానిదే. హార్డ్ రాక్ అనగానే చెవులు మూసుకొనే పెద్దలు మా కళాశాలలో ఉన్నారు. కాని పెండ్లి ఊరేగింపులో మర్ఫా మ్రోగితే కిటికీ రెక్కలు అదిరే వీధులలో పెరిగిన మనకు పెద్ద ధ్వని ఒక వింత కాదు. 1972లో లండన్‌లోని రెయిన్‌బో థియేటర్‌లో ఈ బృందం చేసిన ధ్వని 117 డెసిబెల్లు. దానిని బట్టి గిన్నిస్ గ్రంథం వీరిని ప్రపంచంలోకెల్లా బిగ్గరగా వాయించే బృందంగా నమోదు చేసింది. బోనాల నాటి మన డప్పుల దగ్గరకు ఆ గ్రంథం వారు వచ్చినట్లు లేదు.

ఆ చరిత్ర తెలుసుకొన్నకొద్దీ మా తగవుకు అందులో చాలా సామగ్రి కనిపించింది.

డీప్ పర్పుల్ 1968లో ఇంగ్లాండులోని హర్ట్‌ఫర్డ్‌లో రూపు దిద్దుకొన్నది. అప్పుడు వారు అయిదుగురు. ఆర్గాన్ మీద జాన్ లార్డ్, గిటారు మీద రిచీ బ్లాక్‌మోర్, డ్రమ్ముల మీద ఇయాన్ పేస్, బేస్ గిటారు మీద నిక్ సింపర్, గాయకుడు రాడ్ ఎవాన్స్. ఆ ఏడే 'హష్' అనే పాట అమెరికాలో నాలుగవ స్థానం దాకా వెళ్లింది. ఇంత గెలుపు తెచ్చిన గాయకునీ బేస్ వాద్యకారునీ మరుసటి సంవత్సరమే తొలగించారు. వారి స్థానంలో ఎపిసోడ్ సిక్స్ అనే మరొక బృందం నుంచి ఇయాన్ గిల్లన్, రోజర్ గ్లోవర్ వచ్చారు. మన పెద్దల తర్కమే సరియైనదైతే డీప్ పర్పుల్ అక్కడితో ముగిసిపోవలసింది. కాని ఆ పేరు చెప్పగానే లోకానికి గుర్తుకు వచ్చేదంతా ఆ మార్పు తరువాత పుట్టినదే. 1969 సెప్టెంబరు 24న రాయల్ ఆల్బర్ట్ హాలులో రాయల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో కలిసి జాన్ లార్డ్ కృతిని వినిపించింది ఈ క్రొత్త అయిదుగురే. 1970లో 'ఇన్ రాక్', 1972లో 'మెషీన్ హెడ్' వెలువరించినదీ వీరే.

ఈ 'మెషీన్ హెడ్' పుట్టుక వినదగినది. రికార్డింగు కోసం వీరు స్విట్జర్లాండులోని మాంత్రో పట్టణానికి వెళ్లారు. 1971 డిసెంబరు 4న అక్కడి కాసినోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకులలో ఎవడో నిప్పు రవ్వల తుపాకి పేల్చాడు. భవనమంతా కాలిపోయింది. వీరు వాయించుకోవలసిన చోటు అదే. నిలువ నీడ లేక, చలికాలమని మూసివేసిన ఒక హోటల్ నడవాలలో వాద్యాలు పెట్టుకొని పని పూర్తి చేశారు. సరస్సు మీద పొగ కమ్ముకొన్న ఆ దృశ్యమే పాట అయింది. మా మిత్రుడు రోజూ వాయించే తునక ఆ పాటలోదే.

అంతటి అయిదుగురూ కలిసి నిలువలేదు. 1973లో గిల్లన్, గ్లోవర్ వెళ్లిపోయారు. గాయకుని స్థానంలోకి డేవిడ్ కవర్‌డేల్ అనే యువకుడు వచ్చాడు. అంతకు ముందు అతడు బట్టల దుకాణంలో పనిచేస్తుండేవాడు. బయటి లోకం అతని పేరు వినలేదు. అతనితో పాటు గ్లెన్ హ్యూస్ చేరాడు. 1974లో వచ్చిన 'బర్న్' విన్నవారు ఆ దుకాణపు కుర్రవానిని తక్కువ చేసి మాట్లాడలేరు. 1975లో బ్లాక్‌మోర్ కూడా తప్పుకోగా అమెరికా గిటారు వాద్యకారుడు టామీ బోలిన్ వచ్చాడు. ఈసారి అతుకు నిలువలేదు. 1976 మార్చిలో లివర్‌పూల్ కచేరీతో బృందం ఆగిపోయింది. ఆ డిసెంబరులోనే బోలిన్ 25 ఏండ్ల వయసులో మరణించాడు. ప్రతి మార్పూ మేలే చేస్తుందని మేము వాదించడం లేదు. క్రొత్తవాడు వచ్చి కూర్చొన్నంత మాత్రాన బృందం బ్రతుకుతుందన్న హామీ ఎక్కడా లేదు.

మా వాదానికి కీలకమైన ఘట్టం 1980 నాటిది. బృందం లేదు, పేరు మాత్రం ఉంది. 1969లో తొలగింపబడిన రాడ్ ఎవాన్స్‌ను ముందు నిలిపి కొందరు నిర్వాహకులు అమెరికాలో డీప్ పర్పుల్ పేరుతో కచేరీలు ఏర్పాటు చేశారు. పాత బృందానికి చెందినవాడు ఎవాన్స్ ఒక్కడే. తక్కినవారంతా క్రొత్తవారు. టిక్కెట్టు కొన్నవారు మోసపోయామని కోపించారు. వ్యవహారం న్యాయస్థానానికి చేరింది. నష్టపరిహారం 6 లక్షల 72 వేల డాలర్లుగా తేలింది. తొలి రికార్డుల మీద తనకు రావలసిన రాబడిని కూడా ఎవాన్స్ కోల్పోయాడు. ఆ తరువాత అతడు జనం ముందుకు రాలేదు.

ముందు కూర్చొని పాడినవానిదే బృందమని మా పెద్దలు అంటున్నారు కదా! ఎవాన్స్ కూడా ముందు నిలబడి పాడినవాడే, తొలి గెలుపు తెచ్చిన కంఠం అతనిదే. అయినా ఆ పేరు అతనిది కాలేదు. మన ఉర్దూ సోదరుల వాడుకలో 'అమానత్' అని ఒక మాట ఉన్నది. భద్రపరచమని మరొకరు మన చేతిలో పెట్టిన వస్తువు అది. వాడుకోవచ్చు, అమ్ముకోరాదు. బృందం పేరు అటువంటిదని మా అభిప్రాయం.

అయితే ఆ అమానత్‌ను కాపాడినవాడు ఎవడు? 1984లో గిల్లన్ తరం అయిదుగురు మరల కలిశారు. ఒకరి స్వభావం ఒకరికి బాగా తెలిసిన ఆ అయిదుగురూ తమ రికార్డుకు 'బొత్తిగా అపరిచితులు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకోవడం తమాషా. 1989లో గిల్లన్‌ను తీసివేసి జో లిన్ టర్నర్‌ను తెచ్చారు. 1992లో మరల గిల్లన్‌నే పిలిచారు. 1993లో పర్యటన మధ్యలో బ్లాక్‌మోర్ శాశ్వతంగా వెళ్లిపోయాడు. 1994లో వచ్చిన స్టీవ్ మోర్స్ 2022 వరకు, అనగా 28 ఏండ్లు వాయించాడు. రెండు విడతలు కలిపినా బ్లాక్‌మోర్ ఉన్నది అంతకంటె తక్కువే. అయినా ఎక్కడో పాతికేండ్లు దాటిన తరువాత కూడా మోర్స్‌ను 'క్రొత్తవాడు' అనేవారట అభిమానులు. భార్య అనారోగ్యం వలన మోర్స్ వైదొలగినప్పుడు సైమన్ మెక్‌బ్రైడ్ వచ్చాడు. ఇన్ని రాకపోకలలో, 1968 నుంచి ప్రతి అమరికలోను ఉన్నవాడు ఒక్కడే. వెనుక డ్రమ్ముల మధ్య కూర్చొన్న ఇయాన్ పేస్. ప్రేక్షకులకు అతని ముఖం సరిగా కనబడదు. పాటకు వెన్నెముక అతడే.

మా బృందంలో ఢోలక్ వాయించే విద్యార్థి రెండవ సంవత్సరం చదువుతున్నాడు. నిరుడు బహుమతి కప్పు మీద చెక్కినది ముందు గాయకుని పేరొక్కటే. కార్యాలయపు గోడ మీది బల్లపైన కూడా ఆ ఒక్క పేరే ఎక్కింది. ఆ గాయకుని మీద మాకు అసూయ లేదు. అతడు మాకు అన్నవంటివాడు, కంఠమున్నవాడు. కాని ఆ రాత్రి మధ్యలో అతనికి దగ్గు వచ్చి చరణం తెగినప్పుడు, లయ తప్పకుండా నిలిపి, సభకు తెలియనీయకుండా తిరిగి పల్లవికి చేర్చినది ఢోలక్, వెనుక వరుస చప్పట్లు. ఈ సంగతి బల్ల మీద ఎక్కడ ఉంది?

పేర్లు వ్రాయడంలో అన్యాయం పెద్ద సంస్థలలోనూ జరుగుతుంది. 2016లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ బృందాన్ని గౌరవించినప్పుడు ఎనిమిదిమంది పేర్లు చేర్చింది. పేరు దుర్వినియోగం చేసినందుకు దండన అనుభవించిన ఎవాన్స్ అందులో ఉన్నాడు. అతనితో పాటు మొదటి రోజు నుంచి వాయించి, 1980 వ్యవహారంతో ఏ సంబంధమూ లేని సింపర్ లేడు. 20 ఏండ్లకు పైగా వాయిస్తున్న మోర్స్ కూడా లేడు. వారి జాబితా వారి ఇష్టం కావచ్చు, మన బల్ల మాత్రం మన చేతిలోనే ఉన్నది.

ఇంగ్లాండు దాకా ఎందుకు, మన నగరంలోనే ఇంతకంటె పాత ఉదాహరణ ఉన్నది. ఢిల్లీ దర్బారులో బహదూర్ షా జఫర్ కాలంలో పాడిన తాన్‌రస్ ఖాన్, 1857 కల్లోలంతో ఆ దర్బారు చెదరిపోయిన తరువాత, తుదకు హైదరాబాదు చేరి ఇక్కడే కన్ను మూశాడు. అతడు ఖవ్వాల్ బచ్చే ఘరానాకు చెందినవాడు. అమీర్ ఖుస్రో నాటి నుంచి వస్తున్నదని చెప్పుకొనే ఆ పరంపరకు చెందిన హైదరాబాదు ఖవ్వాలు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ లభించింది. ఆయన తరువాత ఆ పాట ఆగలేదు. ఆయన మనుమలు నజీర్ అహ్మద్ ఖాన్ వార్సీ, నసీర్ అహ్మద్ ఖాన్ వార్సీ ఆ బాధ్యత వహించారు. 2014 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆ సోదరులిద్దరికీ కలిపి వచ్చింది. తాతగారి చోట మనుమలు కూర్చొన్నారు, చప్పట్లు కొట్టేవారు మారారు. అది వేరే బృందమని హైదరాబాదులో ఎవరైనా అన్నారా?

దీనికి ఒక మంచి ఆక్షేపణ ఉన్నది. అక్కడ రక్తసంబంధం ఉంది, పసితనం నుంచి తాలీమ్ ఉంది. మూడేండ్లకొకసారి మారిపోయే కళాశాల విద్యార్థులకు ఆ పోలిక ఎట్లా చెల్లుతుంది? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా దినాలు ఆలోచింపజేసింది. రక్తం మనకు లేదు, నిజమే. కాని ఘరానాలో పిల్లవాడు పుట్టగానే ముందు వరుసలోకి రాడు. ఏండ్ల తరబడి వెనుక కూర్చొని చప్పట్లు కొడతాడు, మొదట పల్లవి అందుకొంటాడు, ఆ తరువాత ఒక తాన్. ముందు కూర్చొనే నాటికి ఆ పాట అతనికి ఊపిరి అయి ఉంటుంది. రక్తం లేని డీప్ పర్పుల్ కూడా తుది దశలో దాదాపు ఈ మార్గానికే వచ్చింది. 2001లో మోకాలి గాయంతో జాన్ లార్డ్ ఆగినప్పుడు తాత్కాలికంగా వచ్చి కూర్చొన్న డాన్ ఎయిరీయే, 2002లో లార్డ్ విరమించగా ఆ స్థానంలో స్థిరపడ్డాడు. లార్డ్ 2012లో మరణించాడు. మెక్‌బ్రైడ్ కూడా అంతకు ముందే గిల్లన్‌తోను ఎయిరీతోను వేరుగా వాయించినవాడు, 2022లో ముందు తాత్కాలికంగా, తరువాత పూర్తిగా చేరాడు. ప్రక్కన కూర్చొని నేర్చినవాడు లోపలికి వచ్చినప్పుడు అతుకు కనబడదు. ఆ సదుపాయమే మా కళాశాలలో లేదు. వార్షికోత్సవానికి నెల ముందు ఏడుగురిని ఎంచుకొంటాము. ఎనిమిదవవానికి గదిలోకి ప్రవేశమే ఉండదు. అందుచేతనే గాయకుడు వెళ్లగానే మనకు బృందమే వెళ్లిపోయినట్లు తోస్తున్నది.

కనుక కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం ఇది. ఆ నలుగురికి పాత పేరుతోనే పాడే అనుమతి ఇవ్వాలి. మొదటి సంవత్సరం విద్యార్థులలో ఉత్సాహమున్న వారిని, ఉర్దూ శాఖ అని తెలుగు శాఖ అని చూడకుండా, జూలై నుంచే అభ్యాసంలో వెనుక వరుసన కూర్చోనివ్వాలి. తెలుగు మాధ్యమం విద్యార్థికి ఉచ్చారణ రాదని ఒక మాట వినబడుతున్నది. నేర్పితే వస్తుంది. ఈ సంచికలో ఉర్దూ పుటలు కుడి నుంచి, తెలుగు పుటలు ఎడమ నుంచి మొదలై మధ్యలో కలుసుకొంటున్నాయి, ఏ పుటా చిరిగిపోలేదు! ఇక గోడ మీది బల్ల సంగతి. ఒక్క పేరుకే చోటున్నదని అంటున్నారు. బల్ల చిన్నదైతే ఒక రిజిస్టరు పెట్టవచ్చు. ఏ ఏడు ఎవరు పాడారో, ఎవరు ఢోలక్ వాయించారో, ఎవరు చప్పట్లు కొట్టారో, ఎవరు ఏ నెలలో వచ్చి ఎవరి స్థానంలో కూర్చొన్నారో అందులో వ్రాయవచ్చు. ఖర్చు ఒక నోటు పుస్తకం.

వెళ్లిపోయిన గాయకుని మేము కలిసి ఈ సంగతి చెప్పాము. పేరు వాడుకోవడానికి తన అనుమతి అడగడమే అతనికి నవ్వు తెప్పించింది. అతడు చేరిననాడు ఆ పేరు అప్పటికే ఉన్నదట. ఆదివారాలు వచ్చి క్రొత్తవారికి నేర్పడానికి ఒప్పుకొన్నాడు, గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం అడిగాడు. ఆ జవాబు సంఘం వారు చెప్పవలసి ఉన్నది.