‘రైలు తిరగదా?’ అని అడిగినవారికి

పోస్టు పొడుగే. భోజనం అయ్యాక నిదానంగా చదవండి. నా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నలభై దాటాక మా ఇంటావిడ దగ్గర నేర్చుకున్నాను. తప్పులు కనపడితే దిద్దండి, కోపం లేదు. విషయానికి మాత్రం జవాబు చెప్పండి.

పోయిన ఆదివారం కమిటీ మీటింగులో నా పేరు ఎత్తకుండా నా గురించే అరగంట మాట్లాడినారు. సంఘం హాలు వెనక గదిలో ఉండే స్టేషన్ బల్లను తీసేసి, ఆ గదిలో పెళ్ళి వంటపాత్రలు పెట్టుకుంటే అద్దె వస్తుందట. అద్దె వద్దనేవాణ్ణి కాను. ముప్పై ఎనిమిదేళ్ళు రైల్వేలో గుమాస్తాగా డబ్బు లెక్కపెట్టినవాణ్ణి, రూపాయి విలువ తెలుసు. కానీ బల్ల తీసేదానికి చెప్పిన కారణాలు మూడూ తప్పు. అందుకే ఇంత రాస్తున్నాను.

బల్ల చూడనివారికి రెండు మాటలు. రెండేళ్ళ కింద దసరా బొమ్మల కొలువుకని మొదలుపెట్టినాను. మన ఇళ్ళల్లో మెట్ల పక్కన ఇసుక పోసి, ఆవాలు చల్లి మొలకెత్తించి పార్కు కట్టే వాడుక ఉంది కదా, ఆ పార్కుకు బదులు ఒక స్టేషను. ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్డు. అసలులో 87 మిల్లీమీటర్లు ఉంటే ఇక్కడ ఒక మిల్లీమీటరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టికెట్లు అమ్మిన మీటర్ గేజ్ స్టేషన్ అది, విల్లుపురం తంజావూరు మెయిన్ లైన్లో ఒక చిన్న ఊరు.

మొదటి కారణం: ‘రైలు తిరగదు. ఆన్‌లైన్లో రెండువేలకు ప్లాస్టిక్ రైలు వస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది, పొగ కూడా వదులుతుంది, పిల్లలకు అదే సంతోషం.’

రైలు తిరగదు, నిజమే. మోటారు పెట్టలేదు. ఒక మాట అడుగుతాను, చిన్న స్టేషన్లో రోజుకు ఎంతసేపు రైలు ఉంటుంది? ప్యాసింజరు వస్తుంది, రెండు నిమిషాలు నిలుస్తుంది, పోతుంది. మిగతా పొద్దంతా స్టేషన్ అంటే రైలు లేని జాగానే. వేపచెట్టు నీడ, నీళ్ళ కుండ, ఎర్ర ఫైర్ బకెట్లు, రాని బండి కోసం కూర్చున్న జనం. నేను కిటికీ వెనక కూర్చుని చూసింది అదే. చూసిందే కట్టినాను.

గుండ్రంగా తిరిగే ఆ రైలు లెక్క కూడా చూద్దాం. పెట్టెలో వచ్చే పట్టాల వలయం అర్ధవ్యాసం నలభై సెంటీమీటర్ల ప్రాంతం. 87తో గుణిస్తే 35 మీటర్లు. మన బ్రాడ్ గేజ్ లో అనుమతి ఉన్న అతి గట్టి మలుపు పది డిగ్రీలు, అంటే 175 మీటర్ల అర్ధవ్యాసం. ఐదింతల తేడా! పెరంబూరు ఐసీఎఫ్ పెట్టె పొడుగు 21.3 మీటర్లు. ఈ కొలతలో కడితే 24 సెంటీమీటర్లు దాటుతుంది. దాన్ని ఆ వలయం మీద పెడితే మధ్యభాగం లోపలికి, కొనలు బయటికి పొడుచుకొచ్చి, ఇరుకు సందులో తిరగబోయిన లారీలాగా ఉంటుంది.

ఇంకొకటి. ఆ కొలతలో ప్రపంచమంతా అమ్మే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల గేజ్ కు సరి, అంటే యూరప్, అమెరికా రైళ్ళకు. మన బ్రాడ్ గేజ్ 1676. 87తో భాగిస్తే 19 దాటుతుంది. కొన్న పట్టాల మీద మన పెట్టెను పెడితే, పెద్ద మనిషి చిన్నపిల్లవాడి చెప్పులు వేసుకున్నట్టు కనిపిస్తుంది. మీటర్ గేజ్ అయితే పదకొండున్నర మిల్లీమీటర్లు, పన్నెండు పెట్టుకోవచ్చు. ఆ పట్టాలు మన ఊరి బజారులో దొరకవు. కాబట్టి చేత్తో వేసినాను. అసలు చెక్క స్లీపరు 1800 మిల్లీమీటర్ల పొడుగు, 200 వెడల్పు. లెక్క వేస్తే ఇరవై, ఇరవైఒకటి మిల్లీమీటర్ల పొడుగు, రెండుకు కొంచెం ఎక్కువ వెడల్పు. చేతిలో అగ్గిపుల్ల పట్టుకుని చూడండి, దేవుడు మీటర్ గేజ్ కోసమే చేసినట్టుంటుంది. పుల్లను సగానికి విరిచి, కొన చెక్కి, టీ డికాషన్లో నానబెట్టి ఆరబెడితే ఎండకు కాలిన చెక్క రంగు వస్తుంది. పట్టాలకు సన్నగా కత్తిరించిన ఇత్తడి రేకు. కంకరకు ఇసుక, టీ జల్లెడలో పట్టి. జిగురులో నీళ్ళు కలిపి, ఒక చుక్క పాత్రలు తోమే సబ్బు వేస్తే ఇసుకలోకి దిగుతుంది, లేకపోతే పైన ముత్యాల్లాగా నిలుస్తుంది. ఇది ఎవరూ చెప్పలేదు. మూడుసార్లు పాడుచేసి తెలుసుకున్నాను.

ప్లాట్‌ఫారం దగ్గరి కంకర ఎందుకు ఎర్రగా ఉందని ఒక పెద్దాయన అడిగినారు, రంగు ఒలికిందా అని. ఒలకలేదు అయ్యా. ఆ కాలంలో బ్రేకు కట్టెలు పోత ఇనుమువి. బండి నిలిచేచోట ఆ ఇనుప పొడి రాలి తుప్పు పడుతుంది. అందుకే స్టేషన్లో కంకర ఎరుపు, దాటిపోతే బూడిద రంగు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఎరుపు పక్కన నడిచినవాడు ఇటుకపొడి రుద్దకుండా ఎట్లా ఉంటాడు? తాటిచెట్లు మరీ పొడుగని ఇంకొకరు అన్నారు. ఇరవై మీటర్ల తాటిచెట్టు ఈ కొలతలో 23 సెంటీమీటర్లు. స్టేషన్ భవనం ఆరు సెంటీమీటర్లు. మన ఊళ్ళల్లో తాటిచెట్టు ముందు స్టేషన్ ఎప్పుడూ అంతే ఉండేది. కొన్న బొమ్మచెట్లకు అలవాటు పడిన కంటికి నిజం పొడుగ్గా కనిపిస్తుంది.

తప్పు నా దగ్గరా ఉంది. ఆరడుగులంటే అసలులో 160 మీటర్లే. ప్లాట్‌ఫారాన్ని సగానికి పైగా కోసేసినాను. టికెట్ల రాక్ కూడా సరిగా రాలేదు. పాత అట్ట టికెట్ 57 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే మిల్లీమీటరు కూడా రాదు. కిటికీ లోపల సూదిమొనతో నాలుగు రంగుల చుక్కలు పెట్టి వదిలేసినాను. నా ఉద్యోగమంతా ఆ చుక్కల్లో ఉంది.

రెండో కారణం గట్టిది. చెప్పినవారిమీద నాకు గౌరవం ఉంది. ‘తెలుగు సంఘం హాలులో పెట్టిన స్టేషనుకు బోర్డు మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. తమిళం, హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి. తెలుగు ఒక వరుస రాస్తే ఏమి పోతుంది?’

పోయేది నిజం. ఆ బోర్డు మీద తెలుగు లేదు. పసుపుపచ్చ బోర్డు, నల్ల అక్షరాలు, పైన తమిళం, తర్వాత హిందీ, ఇంగ్లీషు, కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో. నేను ఆ బోర్డు కింద ఏళ్ళతరబడి నడిచినాను. లేనిదాన్ని ఈరోజు రాస్తే, రేపు నా మనవరాలు అక్కడ తెలుగు బోర్డు ఉండేదని నమ్ముతుంది. తర్వాత ఎవరైనా అబద్ధమని నిరూపిస్తే, మిగతాదీ అబద్ధమే అనుకుంటుంది. మన తాతముత్తాతలు నాయకరాజుల కాలంలోనో, అంతకు ముందో ఈ గడ్డకు వచ్చినారు. ఇన్ని వందల ఏళ్ళు మన తెలుగు బతికింది బోర్డు మీద కాదు, నోట్లో. గ్యాంగులో గునపం పట్టినవారి నోట్లో, సంతకు బుట్టలు మోసే ఆడవాళ్ళ నోట్లో. మా నాయన పాయింట్స్‌మన్. డ్యూటీలో తమిళం, ఇంట్లో తెలుగు. కోపం వస్తే రెండూ.

ఆ తెలుగు నా బల్ల మీద ఉంది. చూడలేదు మీరు. బెంచీ మీద బుట్ట పెట్టుకుని కూర్చున్న అవ్వ ఉంది, 18 మిల్లీమీటర్ల ఎత్తు, తీగ మీద ఎంసీల్ పెట్టి చేసినది. పిల్లలు వచ్చి ఈ అవ్వ ఎవరని అడుగుతారు. చెప్తాను. వారం వారం సంతకు పోయే ఒక అవ్వ నా కిటికీ దగ్గరికి వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ‘నాయనా, బండి ఎంతసేపు ఉండాది?’ అని మెల్లగా తెలుగులో అడిగేది. పదిమందిలో అయితే తమిళమే. ఆ గుసగుసకు బోర్డు ఎక్కడ పెట్టమంటారు?

మూడో కారణం: ‘ఇది ముసలివాళ్ళ కాలక్షేపం. పిల్లలకు కంప్యూటర్ కోర్సు పెడదాం. మోడల్ కావాలంటే త్రీడీ ప్రింటర్లో ఒక రోజులో వస్తుంది.’

త్రీడీ ప్రింటరు నాకు శత్రువు కాదు. పెట్టె కిటికీ చువ్వలు నా చేతికి రావు, ప్రింటరుకు వస్తాయి. ఎవరైనా అబ్బాయి చేసి ఇస్తే కాళ్ళు కడిగి తీసుకుంటాను. కానీ ప్రింటరుకు కొలత ఎవరు చెప్పాలి? కొలత ఉండాలంటే ఎవరో ఒకరు పోయి టేపు పట్టాలి. ఆ లైను ఇప్పుడు లేదు. 1992లో యూనిగేజ్ పథకం వచ్చింది, ఒక్కొక్క లైనే బ్రాడ్ గేజ్ అయింది. మద్రాసు బీచ్ తాంబరం మధ్య 1931 నుంచి తిరిగిన మీటర్ గేజ్ కరెంటు బండి 2004లో నిలిచిపోయింది. ఈరోజు తమిళనాట మీటర్ గేజ్ చూడాలంటే మేట్టుపాళయం నుంచి ఊటీకి పోయే 46 కిలోమీటర్లే మిగిలినాయి. అది మంచిదే అయింది, నేను కాదనను. గేజ్ మారేచోట మూటలు దించి ఎక్కించే కూలీల నడుములు చూసినవాణ్ణి. మారాలి, మారింది. మారినదాని కొలతలైనా పెట్టుకోవద్దా? నేను పనిచేసిన భవనం కూలగొట్టేశారు. ఫోటో ఒక్కటీ లేదు. తలుపు ఎత్తును నా భుజాన్ని గుర్తుపెట్టుకుని లెక్కకట్టినాను.

ఇక పిల్లల సంగతి. మన ఆదివారం తెలుగు క్లాసుకు ఎంతమంది వస్తున్నారో హాజరు పుస్తకం చూడండి. నేను చెప్పను, సిగ్గు. వచ్చినవాళ్ళు కూడా గుణింతం మొదలుపెట్టగానే గడియారం చూస్తారు. పోయిన వేసవిలో నలుగురు పిల్లలు బల్ల దగ్గరికి వచ్చినారు. ఒకటే షరతు పెట్టినాను, వస్తువు కావాలంటే తెలుగులో అడగాలి. మొదటి రోజు ‘అది ఇవ్వు, ఇది ఇవ్వు’. రెండో వారానికి అట్ట, జిగురు, కత్తెర. ఒక పిల్ల జల్లెడను చల్లడై అంది. ఇంకొకడు ‘సుత్తి, సుత్తియల్, ఒకటేగా తాతా’ అన్నాడు. ఉలి తమిళంలోనూ ఉలే. రంపం రంపమే. పనిముట్లు రెండిళ్ళల్లోనూ ఒకే కుటుంబమని వాళ్ళే కనిపెట్టినారు. మా ఇంట్లో మాట్లాడేది సగం తమిళం కదా అని తలవంచుకునే పిల్ల, ఆరోజు తల ఎత్తి నవ్వింది. బాలశిక్ష వద్దని నేను అనడం లేదు. దానికి పక్కన చేతికి ఒక పని ఇవ్వండి అంటున్నాను. కంప్యూటర్ కోర్సు వీధికొకటి ఉంది. తెలుగులో సుత్తి అడిగే చోటు ఈ ఊళ్ళో ఎక్కడుంది?

ఖర్చు లెక్క కూడా అడిగినారు, మంచిది. ప్లైవుడ్డు, జిగురు, రంగులు, ఇత్తడి రేకు కలిపి రెండేళ్ళలో మూడువేల ఏడువందల ఎనభై రూపాయలు, అంతా నా పింఛను డబ్బు. రసీదులు ఉన్నాయి. స్టేషన్ గోడలు పెళ్ళిపత్రికల అట్ట. తెచ్చిచ్చింది మీరే. జాగ్రత్తగా చూస్తే టికెట్ ఆఫీసు వెనకగోడ లోపలివైపు కమిటీలో ఒకరి కూతురి పెళ్ళి ముహూర్తం ఇప్పటికీ కనిపిస్తుంది.

నా ప్రతిపాదన ఇది. బల్ల ఉండనివ్వండి. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా పిల్లలను పంపండి, నేను వస్తాను, జీతం అక్కరలేదు. వంటపాత్రలూ అదే గదిలో పెట్టుకోండి. నిన్న సాయంత్రం టేపు తీసుకుపోయి కొలిచినాను. మన సంఘం అతి పెద్ద గుండిగ ఎత్తు రెండున్నర అడుగులు. బల్ల కాళ్ళకు ఒక జాన కట్టె అతికిస్తే కింద మూడడుగులకు పైగా ఖాళీ వస్తుంది. గుండిగలు, గంగాళాలు అన్నీ పడతాయి. పిల్లలకు ఒక ముక్కాలిపీట కావాలి, అది నేను చేసుకొస్తాను.

వచ్చే మీటింగు ముందు ఒక్కసారి వచ్చి చూడండి. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది. చూసి, ఆ తర్వాత కూడా తీసేయాలంటే చెయ్యెత్తి చెప్పండి, నేనే విప్పి ఇంటికి తీసుకుపోతాను. చూడకుండా మాత్రం చెయ్యెత్తకండి.