పథ్యమంటే పస్తు కాదు

మా అత్తమ్మకు నోటి క్యాన్సర్. కరెంటు పెట్టిస్తున్న రోజుల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా హైదరాబాద్‌లో ఉండి, శనివారం లింగాల ఘనపూర్ వచ్చేవాళ్లం. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ తలా ఒక పథ్యం చెప్పేవాళ్లు. "గుడ్డు పెట్టకు బిడ్డా, వేడి చేస్తది." "పప్పు తింటే పుండు చీము పడుతది." "నీసు అసలే ముట్టనియ్యకు." ఇన్ని చెప్పి చేతిలో పెట్టేది బత్తాయిలు! పుండ్లు పడిన నోట్లో ఆ పులుపు పడితే ఎట్లుంటుందో ఎవరైనా ఆలోచించారా?

వాళ్లను అని ఏం లాభం, నేనూ విన్నాను. రెండు వారాలు పల్చటి జావ, చారన్నంతోనే సరిపెట్టాను. అదీ తినకపోతే "మొండికేస్తున్నావు" అని విసుక్కున్నాను.

అది మొండితనం కాదు. రేడియేషన్ క్యాన్సర్ కణాలతో పాటు నోటి లోపలి పొరనూ దెబ్బతీస్తుంది. రెండు మూడు వారాలకు నోరు పూస్తుంది, లాలాజలం ఎండిపోతుంది, నాలుకకు రుచి తెలియదు. "అన్నం మన్ను లెక్కున్నది" అనేది అత్తమ్మ. అలాంటి మనిషిని తినడం లేదని తిట్టడం, కాలు విరిగినవాణ్ని నడవవేమని తిట్టడమే.

చికిత్సప్పుడు తల కదలకుండా ముఖానికి కొలతగా ఒక మాస్క్ చేస్తారు. అత్తమ్మ చిక్కిపోయి, నాలుగో వారానికి అది వదులైంది. కొత్తది చేసేసరికి కొన్ని రోజులు చికిత్స ఆగింది. ఆరేడు వారాల ఈ వైద్యంలో మధ్యలో ఖాళీలు పడకూడదు. ఆ సందులో క్యాన్సర్ మళ్లీ పుంజుకోవచ్చు. ఆ రోజులు పోవడంలో నా వంటింటి పాలు ఉంది. ఆ మాట ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను తెలుగు బీఏ చదివాను. పథ్యం అనే మాటకు హితమైనది అని అర్థం. మనం దాన్ని మానేసేవాటి చిట్టాగా మార్చేశాం. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు, మాంసం మాన్పించి పుండు మానలేదంటే ఎట్లా?

పథ్యం అసలే వద్దనను. అది జబ్బును బట్టి ఉండాలి. పొత్తికడుపుకు కరెంటు పెడితే విరేచనాలవుతాయి, వాళ్ల తిండి వేరు. షుగరున్నవాళ్లది వేరు. అది చెప్పాల్సింది డాక్టరు, ఆస్పత్రిలోని డైటీషియన్. అరుగు మీద కూర్చున్నవాళ్లు కాదు.

మాకు పనికొచ్చినవి చెప్తాను. కారం, పులుపు లేకుండా మెత్తగా ఉడికించిన పెసరపప్పు కిచిడి, పాలు పోసిన రాగిజావ, మెత్తటి గుడ్డు పొరటు, కమ్మటి పెరుగన్నం. ఏదైనా చల్లారాకే పెట్టాను. మూడు పూటల బదులు రెండు గంటలకోసారి నాలుగు చెంచాలు. డాక్టరు చెప్పినట్టు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలింత. మింగుతుంటే నొప్పి అంటే ఓర్చుకోమనకుండా డాక్టరుకు చెప్పాం. దానికి మందులున్నాయి. ఎంతకీ మింగలేకపోతే ముక్కు గొట్టంతోనైనా తిండి అందిస్తారు, దానికి భయపడొద్దు.

అమ్మల్లారా, అక్కల్లారా, రోగిని చూడ్డానికి పోతే బత్తాయిలూ వద్దు, సలహాలూ వద్దు. "ఏం మింగగలుగుతున్నవు?" అని అడగండి. అదే వండి, చల్లార్చి, పట్టుకుపోండి.