గుణవతియైన భార్య పొలం కొన్నది, మన అమ్మకు పట్టా ఏది?

మిరప కోతలు ఒక కొలిక్కి వచ్చేసరికి మన పేటల్లో పందిళ్లు లేస్తాయి. మైకు కడతారు, ట్యూబులైట్లు కడతారు, మూడు రాత్రులు కుటుంబ కూడికలు. భర్తల గురించి ఒక పావుగంట, మిగతా మూడు రాత్రులూ భార్యల గురించే. క్రైస్తవ గృహం పరలోకానికి నమూనాగా ఉండాలంట. పొద్దుగూకేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతుండాలంట. పిల్లలు కాళ్లూ చేతులూ కడుక్కుని వాక్యం చదువుతుండాలంట. అమ్మ చిరునవ్వుతో గుమ్మంలో ఎదురు రావాలంట. పిల్లలు చెడిపోతున్నారంటే తల్లి ఇల్లు వదిలి బయట తిరగబట్టేనంట! పట్నం నుంచి కారులో వచ్చిన ప్రసంగీకులు ఇట్లా చెబుతుంటే, పగలంతా కాయలు కోసి చేతులు మండుతున్న ఆడవాళ్లు చాపల మీద కూచుని కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటారు. తప్పంతా తమదే అనుకుంటారు.

మేము ఆ చాపల వెనక నిలబడి విన్నవాళ్లం. ఆ తల్లులకు పుట్టినవాళ్లం, ఇప్పుడు ఆ తల్లుల పిల్లలకే పాఠాలు చెబుతున్నవాళ్లం. అందుకని అడుగుతున్నాం. బయట తిరగడమంటే ఏంటయ్యా? నాట్లకు పోవడమా, కలుపుకు పోవడమా, పొగాకు గ్రేడింగుకు పోవడమా? ఆమె బయటికి పోకపోతే మీరు చెప్పే పొయ్యి మీద ఉడకడానికి బియ్యం ఎక్కడివి? ఆ బియ్యంలో నుంచే కదా ప్రతి పూటా పిడికెడు తీసి కుండలో దాచి ఆదివారం గుడికి తెచ్చేది? మన పల్లెల్లో చాలా గుళ్ల గోడలు ఆ పిడికెడు బియ్యంతో లేచినవే. ఆమె కూలికి పోయి తెచ్చిన బియ్యాన్ని కానుకగా తీసుకుంటారు, కూలికి పోయిందని మళ్లీ ఆమెనే తప్పు పడతారు. ఇదేం న్యాయం?

ఇల్లు వెచ్చగా ఉండాలంటే మేము కాదనం. అట్లాంటి ఇంటి విలువ మాకు తెలిసినంతగా ఆ ప్రసంగీకులకు తెలియదు. మాలో చాలామందికి మొదటి అక్షరం బడిలో రాలేదు, రాత్రి ప్రార్థనలో లాంతరు ముందు వచ్చింది. అమ్మకు చదువు రాదు. కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఏ పాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది. పాట నోటికి వచ్చు కాబట్టి ఆ వేలి కింద ఉన్న అక్షరాలు ఏవో మేమే కూడబలుక్కున్నాం. ఊరు మమ్మల్ని ఒరే అని పిలిచే రోజుల్లో ఆ ఇంట్లో మాకు సమూయేలు, దావీదు, రూతు అని నిండు పేర్లుండేవి. ఆ వెచ్చదనాన్ని మేము ఎగతాళి చెయ్యం. దాన్ని తల్లి ఒక్కతే ఎముకలు అరగదీసుకుని కాపాడాలి, ఊరూ సర్కారూ మొగుడూ గుడీ తలా ఒక పక్క చలి పెడుతున్నా ఆమె ఒక్కతే కాగుతూ ఉండాలి అనేదాన్ని మాత్రం ఒప్పుకోం.

అసలు ఈ చక్కని ఇంటి బొమ్మ ఎక్కడిది? మన తాతల నాటి మతం ఇట్లా మొదలు కాలేదు. ఒంగోలు మిషను చరిత్ర చూడండి. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో సువార్త మోసిన మొదటి మనిషి యెర్రగుంట్ల పేరయ్య, మాదిగ. కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని దొర కాంట్రాక్టుకు తీసుకుంటే మనవాళ్లు మట్టి మోసి ప్రాణాలు నిలబెట్టుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పుడు వాళ్లను అడిగినవి ముఖ్యంగా మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇందులో భార్య చిరునవ్వు సంగతి ఎక్కడైనా ఉందా? మొదటి మాటే పని గురించి. ఆదివారం పనికి రామని చెప్పిన రోజున ఆసాముల కడుపు మండింది. వారంలో ఒక్క రోజు పాలేరు తనకు తాను యజమాని అయ్యాడు, తల్లి తన పిల్లల దగ్గర కూచుంది. మన క్రైస్తవ గృహం పుట్టింది ఆ పేచీలో.

తర్వాత వచ్చింది బంగళా బొమ్మ. కిటికీలకు తెరలు, బల్ల మీద టీ కప్పులు, పియానో పక్కన దొరసాని, చుట్టూ శుభ్రమైన పిల్లలు. ఆ బొమ్మలో కనపడని వాళ్లున్నారు. వంటవాడు, నీళ్లు మోసేవాడు, ఊడ్చేది, పిల్లలను ఎత్తుకునే ఆయా. ఆ ఆయా ఎవరు? మన ముత్తవ్వే. ఆమె దొరసాని బిడ్డను జోకొడుతుంటే ఆమె సొంత బిడ్డ పేటలో ఎనిమిదేళ్ల అక్క చంకన ఏడుస్తున్నాడు. దొరసాన్లు మనకు బళ్లు పెట్టారు, ఆసుపత్రులు పెట్టారు, ఆడపిల్లలకు బోర్డింగులు పెట్టారు. దాన్ని మరిచేంత కృతఘ్నులం కాము. కానీ నలుగురు పనివాళ్ల మీద నడిచిన ఇంటిని చూపించి, ఒక్క పనిమనిషి కూడా లేని, తానే పరాయి ఇంట్లో పనిమనిషి అయిన ఆడదాన్ని అట్లా ఉండమనడం మాత్రం దగా.

సామెతల గ్రంథం 31వ అధ్యాయం మన ఆడవాళ్లకు కంఠతా వచ్చు. గుణవతియైన భార్య మీద ప్రసంగం వినని ఏడాది ఉండదు. తెల్లవారకముందే లేస్తుందని చెబుతారు, రాత్రి దీపం ఆర్పదని చెబుతారు. ఆమెకు పనికత్తెలున్నారనే మాట దగ్గర మాత్రం గొంతు తగ్గిస్తారు. ఇంకో సంగతి అసలే ఎత్తరు. ఆమె పొలం చూసుకుని కొన్నది, తన సంపాదనతో ద్రాక్షతోట వేసింది! ఆమె బేరం చేసింది, సరుకు అమ్మింది. అంటే బయట తిరిగింది. మన పేటలో ఎంతమంది అమ్మల పేరున పొలం ఉంది? ఇచ్చిన అరెకరం బంజరు పట్టా కూడా ముందు మొగుడి పేరున రాశారు. అది తాకట్టులో పోయింది, లేకపోతే పక్క కమతంలో కలిసిపోయింది. ఆడవాళ్ల పేరున పట్టా ఇవ్వాలని మనం పోరాడాక గానీ తాసీల్దారు కలం కదల్లేదు. ప్రసంగీకులయ్యా, గుణం దాకా చెప్పారు, ఆ పొలం వచనం మీద కూడా ఒక రాత్రి చెప్పండి.

ఇక నీళ్లు. వంటయినా స్నానమైనా నీళ్లతోనే కదా మొదలు. శుభ్రత దైవభక్తితో సమానమని గోడల మీద రాస్తారు. ఆ నీళ్ల కోసం మన ఆడది ఏమైందో కారంచేడు చెబుతుంది. 1985 జూలైలో మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెలను కడుగుతూ నీళ్లు పాడు చేస్తుంటే కత్తి చంద్రయ్య అడిగాడు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. ఆమె పేరు చూడండి, సువార్త. చనిపోయినవాళ్లలో మోషే ఉన్నాడు. బిందె పట్టుకుని ఇంటికి మంచినీళ్లు తెచ్చే ఇల్లాలు, అంతకంటే ఇంటిపట్టున ఉండే పని ఇంకేముంది? ఆ పనిలోనే ఆమె మీదికి కర్ర లేచింది. ఇంటి గురించి మాట్లాడేవాళ్లు చెరువు గురించి మాట్లాడకపోతే ఎట్లా? అప్పుడు గొడ్డళ్లతో వచ్చినవాళ్లు ఎవరినీ నువ్వు హిందువువా కిరస్తానీవా అని అడగలేదు.

సర్కారు మాత్రం అడుగుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడంది. 1956లో సిక్కులను చేర్చుకున్నారు, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తలుపు మూసే ఉంది. మన రాష్ట్రంలో మతం మారిన మాల మాదిగలను బీసీ-సీలో వేసి ఒక శాతం చూపించారు. 15 శాతం ఎక్కడ, ఒక శాతం ఎక్కడ! 1977లో 341 నంబరు జీవోతో కొన్ని రాయితీలు ఇచ్చినా చట్టం ఇచ్చే రక్షణ దానితో రాలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ మతం అడ్డు తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషను వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. కాగితాలు పెరిగాయి.

దీనికీ పిల్లల పెంపకానికీ ఏం సంబంధం అంటారా? జూన్ నెలలో మా బడికి రండి. తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని వస్తుంది. పేరు రాస్తాం, పుట్టిన తేదీ రాస్తాం, కులం అడుగుతాం, మతం అడుగుతాం. ఆమె గొంతు సన్నగిలుతుంది. "హిందూ అని రాయండి సార్" అంటుంది, నేల చూపులు చూస్తూ. ఆమె చెప్పిందే రాస్తాం. అబద్ధమాడకూడదని సండేస్కూలు వాక్యం బిడ్డకు నేర్పించిన తల్లే ఆమె. బిడ్డ తలెత్తి ఆమె ముఖం చూస్తాడు. అప్పటి నుంచి వాడికి గుడి రిజిస్టర్లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఒక పేరు. సర్టిఫికెట్టు విచారణకు మనిషి వస్తున్నాడని తెలిస్తే గోడ మీది సిలువ క్యాలెండరు తీసి ట్రంకు పెట్టెలో దాస్తారు. క్రైస్తవ గృహాన్ని అలంకరించడం ఎట్లాగో చెప్పే అయ్యగార్లు, ఆ క్యాలెండరును తిరిగి గోడకు తగిలించుకునే ధైర్యం ఆమెకు ఎట్లా వస్తుందో చెప్పారా?

ఇది ఉత్త భయం కాదు. 2024 నవంబరు 26న, అదీ రాజ్యాంగ దినోత్సవం రోజున, పుదుచ్చేరి అమ్మాయి ఒకామె గుమాస్తా ఉద్యోగానికి అడిగిన ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆమె తల్లి క్రైస్తవురాలు, ఆమెకు పసితనంలోనే బాప్తిస్మం ఇచ్చారు. చంటిబిడ్డప్పుడు తల్లిదండ్రులు చేయించిన ప్రార్థన పెద్దయ్యాక ఉద్యోగానికి అడ్డం వచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు చెల్లదంది, మతం మారినవాడికి ఆ చట్టం వర్తించదంది. కులం పేరుతో తిట్టేవాడి నోట్లో కులం మిగిలే ఉంది, తిట్లు తిన్నవాడి కాగితంలో మాత్రం పోయింది.

ఇప్పుడు మనలో మనం ఒక మాట అనుకోవాలి. బయటివాళ్లను తిట్టి మన మగవాళ్లను వదిలేస్తే ఈ కాగితానికి విలువుండదు. ఇద్దరూ కలిసే చేలోకి పోతారు, ఇద్దరూ కలిసే వస్తారు. వచ్చి అతను అరుగు మీద కూచుని బీడీ ముట్టిస్తాడు, ఆమె పొయ్యి ముట్టిస్తుంది. కొన్ని ఇళ్లలో అతను సంఘ పెద్ద కూడాను. భార్యలారా లోబడండి అనే వచనం అతనికి బాగా వచ్చు. అన్నా, నీ ప్రభువు ఏం చేశాడో కూడా చదువు. తువ్వాలు నడుముకు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. తిరిగి లేచాక తెల్లవారుజామున సముద్రం ఒడ్డున నిప్పులు చేసి చేపలు కాల్చి, రాత్రంతా వల లాగి అలసిపోయినవాళ్లను తినమని పిలిచాడు. వంట చేస్తే మగతనం పోతుందని ఆయన అనుకోలేదు. మరియ వచ్చి తన కాళ్ల దగ్గర కూచుని బోధ వింటుంటే లేచి వంటింట్లోకి పొమ్మనలేదు. అంబేద్కర్ కూడా 1942లో నాగపూరు మహిళా సభలో భార్య భర్తకు దాసిగా కాదు, స్నేహితురాలిగా ఉండాలనే చెప్పారు. మన ఇళ్లలో ఒకే గోడ మీద ఆ ఇద్దరి పటాలూ ఉంటాయి. వాటి కింద ఆమె ఒక్కతే అంట్లు తోముతుంటుంది.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాం, అది మా ఉద్యోగం కాబట్టి. సంక్రాంతి దాటితే కర్నూలు పడమటి ఊళ్ల నుంచి గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప చేలకు కుటుంబాలకు కుటుంబాలే తరలి వస్తాయి. పిల్లలు చేలగట్ల మీద పట్టాల గుడిసెల్లో పడుకుంటారు. వాళ్ల ఊరి బడి రిజిస్టర్లో మూడు నెలలు వరసగా గైర్హాజరు. వాళ్లలో సమూయేళ్లు, రూతులు ఉన్నారు. ఆ పిల్లలు చెడిపోతే తల్లి ప్రార్థన తక్కువైందందామా? ఇక్కడి గుళ్లు మధ్యాహ్నం పూట ఖాళీగానే ఉంటాయి. కోతలున్నన్ని నాళ్లు తలుపు తీసి, ఒక ఫ్యాను వేసి, చదువుకున్న మన కుర్రాళ్లను ఇద్దరిని పెట్టి ఆ పిల్లలను కూచోబెట్టవచ్చు. కూడికల పందిరికీ మైకుకూ అయ్యే డబ్బులో కొంత దీనికి తీస్తే చాలు. సంఘ పెద్దలను అడగండి, కాదంటే ఎందుకు కాదో మినిట్సు పుస్తకంలో రాయమనండి.

ఈ కాగితం స్త్రీల సమాజం కూడికలో చదివించండి. చదువు వచ్చిన ఆడపిల్ల చదవాలి, పాస్టరమ్మగారు ఉంటే మరీ మంచిది. పట్టా ఎవరి పేరున ఉందో, సర్టిఫికెట్టు ఎవరికి ఆపారో, కూలి ఎవరికి ఎంత తక్కువ ఇస్తున్నారో అక్కడే పేర్లతో రాసుకోండి. కూడిక ఆదివారం సాయంత్రం పెట్టుకోండి. ఆ పూట వంట మగవాళ్లదని శనివారమే చెప్పేయండి, తర్వాత బియ్యం డబ్బా ఎక్కడుందని కబురు పెట్టకుండా.