ఇసుక క్రింది ఏరు

వేసవి వచ్చినంతనే మానేరు ఎండిపోయినదని లోకులు చెప్పుకొందురు. ఆ మాట సగమే నిజము. పైన పారు నీరు పోయినది గాని ఏరు పోలేదు; ఇసుక క్రిందికి దిగినది. మండుటెండలో చెలిమె తోడి బిందె నింపుకొనిన పల్లెవారికి ఈ సంగతి క్రొత్త కాదు.

పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో గోదావరి, మానేరు, ప్రాణహిత, పెనుగంగ నదులు యుగయుగములుగా ఒడ్డుల వెంట ఇసుకను, ఒండ్రును పరచినవి. ఇసుక పరిమాణములో ఇంచుమించు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు దాక రేణువుల నడుమ ఖాళీయే. వరదకాలమున నది తన నీటిని అందు దాచుకొని, వేసవిలో మడుగులకును, ఒడ్డు బావులకును మెల్లగా మరల ఇచ్చును. ఏటిగట్టున ఏరుమద్ది వేరు వెదకునది ఆ నీటినే. శివ్వారం అభయారణ్యములోని మొసలికి వేసవి మడుగు ప్రాణము. మడుగునకు ఇసుకయూట ప్రాణము.

ఈ మరుగు లోకమునకు 1959లో రుమేనియా శాస్త్రజ్ఞుడు ట్రయాన్ ఒర్గిదాన్ ఒక ప్రత్యేకమైన పేరు పెట్టెను. అమెరికాలో ఫ్లాట్‌హెడ్ నదికి 2 కిలోమీటర్ల దూరమున గల బావులలో సైతము నదీకీటకములు దొరకినవని 1988లో స్టాన్‌ఫర్డ్, వార్డ్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నది వెడల్పు కంటికి కనిపించునంత మాత్రమే కాదన్నమాట!

అట్టి ఇసుకను ఊరక పడియున్న సొమ్ముగా నెంచి లారీల కెత్తుట తగునా? లోతుగా తోడినకొలది ఏటి అడుగు దిగును. దానితో ఒడ్డు బావుల నీటిమట్టమును దిగును. వేరున కందని నీరు చెట్టునకు లేనట్లే. ఈ సంబంధము నెరిగియే 2002 నాటి వాల్టా చట్టము ఇసుక త్రవ్వకమునకు హద్దులు పెట్టినది.

ఇండ్లు కట్టుకొనవద్దా యని కొందరడుగుదురు. కట్టుకొనవలసినదే. గ్రానైటుకు పేరుపడిన కరీంనగరమున రాతివ్యర్థములను పొడిచేసి ఇసుకకు బదులు వాడవచ్చును. ఏటినుండి తీయక తప్పనిచో, వరద తెచ్చి వేసినంత మేరకే తీయవలెను. ఆనకట్టలు నీరు నిలుపుచుండగా ఇసుకతో పనియేమి అనుటయు యుక్తము కాదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభములు కుంగగా, అచటి నిలువనీటిని వదలివేయవలసి వచ్చినది. ఇసుకలోని నిలువకు గేట్లు లేవు.

నది యనగా ప్రవాహమని బడిలో చెప్పుదురు. ప్రతి వేసవి సెలవులకు ముందు ఉపాధ్యాయులు పిల్లలను ఏటికి తీసికొనిపోయి, ఒక చెలిమె తోడించి, ఎన్ని జానల లోతున నీరు తగిలినదో బడిగోడపై వ్రాయింపవలెను. పదేండ్ల అంకెలు వరుసగా నిలిచిననాడు, ఏరు బ్రతికినదో లేదో ఆ గోడయే చెప్పును.